ఆదివారం ఎదకొచ్చే ఆవు

"ఉమ్మడి బీడులో మేయు ఆవులకును, వాటి నిమిత్తము సర్కారువారు పంపిన ఆంబోతునకును తెలియజేయునది ఏమనగా, ఇకమీదట ఆదివారమునాడు ఎట్టి కలయికయు జరుపరాదు. ఆజ్ఞ మీరిన పశువుపై తగు చర్య తీసుకొనబడును."

జూన్ నెల మొదటి సోమవారం ఉదయం, సముద్రం మధ్య దీవిలో ఉన్న టాల్‌మోర్ ఊరి పోస్టాఫీసు తలుపు మీద ఈ ప్రకటన వెలసింది. కింద బీడు సంఘం అధ్యక్షుడు టోర్కిల్ మెకాలే సంతకం ఉంది. ఆవులకు చదువు రాదన్న సంగతి సంఘానికి తెలియక కాదు. అందుకే గుమాస్తా ఫిన్లేని పంపి కంచె దగ్గర నిలబెట్టి గట్టిగా చదివించారు. ఆవులకు ఊరి గేలిక్ భాషలోనూ, ఆంబోతుకు ఇంగ్లీషులోనూ చదివాడు. ఆంబోతు సముద్రం అవతలి నుంచి, అందునా ప్రభుత్వ ఖర్చుతో ఓడలో వచ్చింది కాబట్టి దానికి గేలిక్ పట్టుబడి ఉండదని సంఘం అభిప్రాయం. రెండు భాషల్లోనూ విన్నాక అది తోకతో ఈగలు తోలుకుంది. "విన్నది. అభ్యంతరం చెప్పలేదు" అని ఫిన్లే పుస్తకంలో రాసుకున్నాడు.

టాల్‌మోర్‌లో ఆదివారం అంటే ఏమిటో వేరే చెప్పాలా? ఆ రోజుకు కావలసిన బంగాళాదుంపలు శనివారమే చెక్కు తీసి పెట్టుకుంటారు. నీళ్లు శనివారమే తోడుకుంటారు. గడ్డం శనివారమే గీసుకుంటారు. ఎవరికైనా తుమ్ము వస్తే సోమవారం దాకా ఆపుకోమని అనరు గాని, తుమ్మినవాడే కాస్త సిగ్గుపడతాడు. కోడిపుంజును శనివారం సాయంత్రమే బుట్ట కింద మూసి, బుట్ట మీద రాయి పెడతారు. పెట్టలు ఆ ఒక్కరోజూ మనశ్శాంతిగా తిరుగుతాయి. ఇందులో వింతేమీ లేదు. ఎప్పట్నుంచో ఉన్నదే.

ఆంబోతు సంగతే కొత్తగా వచ్చింది. ఏటా వేసవిలో పశువుల శాఖవారు ఊరికో ఆంబోతును పన్నెండు వారాలకు అరువిస్తారు. ఈసారి వచ్చినది నల్లగా, నున్నగా, టన్నుకు కాస్త తక్కువ బరువులో ఉంది. గిట్టలు బాగున్నాయనీ, వెనక కాళ్లు దృఢమనీ, వీర్యం పరీక్షలో నెగ్గిందనీ మూడు కాగితాలు దాని వెంట వచ్చాయి. ఊళ్లో ఏ మగవాడికీ అన్ని కాగితాలు లేవు. దాని వంశం పేరు రెండు వరసలుంది, ఎవరికీ నోరు తిరగలేదు. అందుచేత ఊరంతా దాన్ని "సర్కారు" అని పిలిచారు.

మునుపటి ఆంబోతులు కొండ మీద ఇష్టం వచ్చినట్టు తిరిగేవి. అక్కడ అవి ఏ వారం ఏం చేసేవో దేవుడికీ గొర్రెలకీ తప్ప తెలిసేది కాదు. కాని నిరుడు వచ్చినది వారం తిరక్కుండానే వాగు దాటి, పక్క ఊరి ఆవుల మధ్య కాపురం పెట్టింది. టాల్‌మోర్‌కు ఆ ఏడు దక్కినవి ఏడే దూడలు. కంచె లేనిదే ఇకమీదట ఆంబోతు లేదని శాఖవారు ఉత్తరం రాశారు. ఊరి మొత్తానికీ కంచె ఉన్నది ఒక్క చర్చి పక్క పొలానికే. చర్చికి ఆ వైపు ఆరు పెద్ద కిటికీలున్నాయి.

సర్కారు వచ్చాక మొదటి ఆదివారం పాస్టర్ మెకాస్కిల్ ప్రసంగంలో ఐదో అంశానికి వచ్చారు. అదే వేళకు కిటికీ అవతల సర్కారు తన విధి నిర్వహణకు పూనుకుంది. ఎదురుగా ఉన్నది సాక్షాత్తు అధ్యక్షుల వారి ఆవు. చర్చిలో డెబ్బై మంది కూర్చున్నారు. నూట నలభై కళ్లు అటు తిరిగాయి. నూట నలభై కళ్లూ ఏమీ చూడలేదు.

ఆ సాయంత్రం దాకా బిగబట్టుకుని, మర్నాడు పొద్దున్నే టోర్కిల్ సంఘాన్ని సమావేశపరిచాడు.

"మన ఊళ్లో కోడిపుంజు ఆదివారం బుట్ట కింద ఉంటుంది. ఎందుకుంటుంది? దానికి భయభక్తులున్నాయి గనక! రెండు వీశెలు లేని పక్షికున్న పాటి భక్తి ఇంతలేసి కాగితాలున్న ఆంబోతుకుండొద్దా? ఆరు రోజులు పని చెయ్యనీండి. ఏడో రోజున విశ్రాంతి. సృష్టికర్తకే చాలిన సెలవు సర్కారుకి చాలదా?"

చప్పట్లు కొట్టారు. తీర్మానం నెగ్గింది. శనివారం ఆరింటికి ఆంబోతును చర్చి వెనక రాతి దొడ్డిలో పెట్టి గేటుకు ఇనప తీగ చుట్టాలి, సోమవారం ఆరింటికి విప్పాలి. ఆ బాధ్యత ఫిన్లేది.

ఈ ఏర్పాటుతో ఊళ్లో ఇరవై ఒక్క గడపలకు ఏ ఇబ్బందీ కలగలేదు. ఇబ్బంది కలిగింది ఎఫీకి.

ఎఫీకి ఒక్కటే ఆవు. పేరు రీవా. ఎర్రచారల ఆవు, మెత్తని ముట్టె, మొండి బుద్ధి. భర్త నీల్ పోయినప్పట్నుంచి ఎఫీ మాట్లాడే మాటల్లో సగం దానితోనే. నిరుడు ఆంబోతు పక్క ఊరికి పోయినందువల్ల రీవా చూలు కట్టలేదు. పాలు తగ్గి తగ్గి రోజుకో చెంబుకు దిగాయి. బీడు సంఘం నిబంధనల్లో పద్నాలుగోది ఇలా ఉంటుంది: వరసగా రెండేళ్లు దూడ వేయని ఆవు బీడుకు భారం; దాని మేత వాటా రద్దు చేసి, వరసలో తరవాతి అర్హుడికి ఇవ్వాలి. వాటా పోతే ఆవును మేపడానికి ఎఫీకి జానెడు నేల లేదు, అమ్మేసుకోవాలి. వరసలో తరవాతి అర్హుడు ఆరు ఆవుల ఆసామి టోర్కిల్ మెకాలే. నిబంధన రాసినప్పుడు అధ్యక్షుడూ అతనే. అది కాకతాళీయమని సంఘం ఏకగ్రీవంగా నమ్ముతుంది.

కాబట్టి ఈ వేసవిలో రీవా చూలు కట్టి తీరాలి. రీవా కూడా అదే అనుకుంది కాబోలు, తీర్మానమైన వారంలోనే ఎదకొచ్చింది. తెల్లవారుతూనే అరవడం మొదలుపెట్టింది. తోక పక్కకు పెట్టి, ఇంటి వెనక అటూ ఇటూ తిరిగింది. ఎఫీ సంతోషించి, క్యాలెండరు చూసింది. ఆదివారం.

ఆంబోతు రాతి దొడ్డిలోంచి బదులు పలికింది. ఆ రోజంతా ఆ ఇద్దరి మధ్యా అర మైలు దూరమూ, ఒక తీర్మానమూ ఉన్నాయి.

సోమవారం ఆరింటికి ఎఫీ ఆవును తోలుకుని పొలం గేటు దగ్గరకు చేరింది. ఫిన్లే తీగ విప్పాడు. సర్కారు వచ్చి రీవాను ఒకసారి వాసన చూసి, పై పెదవి ఎత్తి, ఆలోచించి, వెళ్లి గడ్డి మేసింది.

"ఏమైందిరా ఫిన్లే దీనికి?"

"దీనికేం కాలేదు పెద్దమ్మా. నీ ఆవుకే అయిపోయింది. నిన్న వచ్చిన ఎద నిన్ననే పోయింది."

"నిన్న దొడ్డిలో పెట్టి తీగ చుట్టింది నువ్వేగా?"

"చుట్టమన్నారు, చుట్టాను. నాకేం సరదానా? మూడు వారాలాగు, మళ్లీ వస్తుంది."

మూడు వారాలాగింది. మళ్లీ వచ్చింది. జూలై ఒకటో తేదీ, ఆదివారం.

ఈసారి ఎఫీ శాలువా కప్పుకుని తిన్నగా టోర్కిల్ ఇంటికెళ్లింది. టోర్కిల్ ఆమె భర్తకు చిన్నాన్న కొడుకు, వరసకు మరిది. సోమవారమే వెళ్లింది లెండి, ఆదివారం అర్జీ పెట్టడం కూడా పనే.

"ఏమయ్యా టోర్కిల్, మీ తీర్మానం బాగానే ఉంది గాని, నా ఆవు సంగతేంటి? ఆదివారం పాలు పితకొచ్చు, పశువు గుంటలో పడితే లాగొచ్చు. అది దయగల పని అంటారుగా. రాత్రీ పగలూ దాని అరుపు వింటే రాయి కూడా కరుగుతుంది. ఆ ఒక్కపూట తీగ విప్పితే దయ కాదా?"

"వదినా, నీ బాధ నాకు తెలీదా? కాని దయ వేరు, సుఖం వేరు. పాలు పితికేటప్పుడు ఎవరికీ సుఖం లేదు, నీకూ లేదు, ఆవుకూ లేదు. అందుకే అది ధర్మం. దీంట్లో సుఖం ఉందో లేదో ముందు తేలాలి. సంఘంలో పెడతాను."

సంఘంలో పెట్టారు. విషయం లోతైనది కావడంతో ముగ్గురు సభ్యులతో ఉపసంఘం వేశారు. మంగళవారం ఆ ముగ్గురూ కంచె దగ్గర బల్ల వేసుకుని, రొట్టెలూ టీ ఫ్లాస్కూ పెట్టుకుని, రెండు గంటలసేపు ఆంబోతు ముఖ కవళికలు పరిశీలించారు. "కార్యక్రమం మొదట్లోగాని, మధ్యలోగాని, చివర్లోగాని ఆనంద సూచనలేవీ ముఖాన కనబడలేదు, అయితే బలవంతం కూడా కనబడలేదు" అని నివేదిక ఇచ్చారు. ఒక సభ్యుడు మాత్రం ఇంత ముఖ్యమైన విషయం ఒక్కరోజు చూసి తేల్చడం తొందరపాటని, బుధ, గురువారాలు కూడా వెళ్లి చూశాడు. నివేదికను చర్చించిన మీదట, సుఖం లేకుండా ఇష్టపూర్వకంగా చేసేది ఏదైనా సరే అది ఉద్యోగమేననీ, ఉద్యోగం ఆదివారం కూడదనీ సంఘం తీర్పు చెప్పింది. ఎఫీ అర్జీ కొట్టేశారు.

అలాగని సంఘానికి జాలి లేదనుకుంటే పొరపాటు. ఎదను ఒక్క రోజు, కేవలం ఒక్క రోజు, సోమవారానికి జరుపుకోమని ఆవుకే నచ్చజెప్పాలని నిశ్చయించారు. జూలై రెండో వారంలో అధ్యక్షుడి ఆధ్వర్యంలో ఐదుగురు సభ్యుల బృందం చర్చికి వేసుకునే నల్ల కోట్లు వేసుకుని ఎఫీ దొడ్లోకి వచ్చింది. టోర్కిల్ టోపీ తీసి గొంతు సవరించుకున్నాడు.

"ఓ రీవా! నీకు వారానికి ఆరు రోజులున్నాయి. సోమవారం ఉంది, మంగళవారం ఉంది. ఊళ్లో మిగతా ఆవులన్నీ వాటితో సరిపెట్టుకుంటున్నాయి. మా ఇంటి ఆవునే చూడు, బుధవారం ఎదకొచ్చింది, ఎంత పద్ధతి! నీ ఒక్కదానికే ఈ పట్టుదల దేనికి? నీ యజమానురాలి ముఖం చూసైనా మారు."

రీవా టోపీని శ్రద్ధగా నాకి, అంచు కాస్త తిన్నది.

"ఆలోచిస్తోంది" అన్నాడు టోర్కిల్.

"ఆకలేస్తోంది" అంది ఎఫీ.

జూలై ఇరవై రెండున రీవా మూడోసారి ఎదకొచ్చింది. ఏ వారమో మీకు చెప్పనక్కర్లేదు.

ఆ వారంలోనే పశువుల శాఖ నుంచి ఇన్‌స్పెక్టర్ ప్రింగిల్ తనిఖీకి వచ్చాడు. బక్కపలచని మనిషి, జేబులో ఎప్పుడూ చిన్న పట్టికల పుస్తకం, ముక్కు మీద వాన చుక్క. ఆంబోతు గిట్టలు ఎత్తి చూశాడు, పక్కటెముకలు తడిమాడు.

"పనిలో ఉన్న ఆంబోతు ఈపాటికి కొంచెం చిక్కాలి. ఇదేమిటి, పెళ్లివారింట్లో ఉన్నట్టుంది? రిజిస్టరేది?" ఫిన్లే రిజిస్టరిచ్చాడు. "ఈ ఆదివారాలన్నీ ఖాళీగా ఉన్నాయేం?"

"సెలవండి."

"సెలవా! ఆంబోతు అడిగిందా?"

"లేదండి. అడక్కుండానే సంఘం మంజూరు చేసింది."

ప్రింగిల్ ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఎన్నో చూశాడు. కలం తీసి "సిబ్బంది సంక్షేమం: అద్భుతం" అని రాసుకున్నాడు.

కంచె దగ్గర కాచుకుని ఉన్న ఎఫీ అప్పుడు ముందుకొచ్చింది. "అయ్యా, నా ఆవు మూడుసార్లు ఎదకొచ్చింది, మూడుసార్లూ ఆదివారమే. దానికేమైనా జబ్బా?"

"జబ్బేం లేదమ్మా. బ్రహ్మాండంగా ఉంది. ఆవు ఇరవై ఒక్క రోజులకోసారి ఎదకొస్తుంది. కొన్ని ఒకటి రెండు రోజులు అటూ ఇటూ తిరుగుతాయి. మీది చర్చి గంటకన్నా నిక్కచ్చిగా ఉంది."

ఎఫీ వేళ్ల మీద లెక్కేసింది. ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి. "అంటే… ఎప్పటికీ ఆదివారమేనా?"

"ఎప్పటికీ. సోమవారం కావాలంటే అది మొదట్లోనే సోమవారంతో మొదలెట్టుండాల్సింది."

ఈ శాస్త్రీయ సమాచారం సంఘానికి చేరింది. ఇరవై ఒక్క రోజుల ఏర్పాటు చేసింది ఎవరన్న ప్రశ్న ఒక సభ్యుడు లేవదీయబోతే, అజెండాలో లేదని కూర్చోబెట్టారు. టోర్కిల్ మాత్రం ఆవు పూర్వోత్తరాలు తిరగేసి అసలు కారణం కనిపెట్టాడు. రీవా అమ్మమ్మను దక్షిణ దీవి నుంచి కొనుక్కొచ్చారు. ఆ దీవిలో మనుషులు ఆదివారం మధ్యాహ్నం బంతాట ఆడతారు, సాయంత్రం ఫిడేలు వాయిస్తారు. రక్తంలో ఉన్నదాన్ని సంఘం మాత్రం ఏం చేయగలదు? "జాతి దోషం" అని రిజిస్టర్లో రాసి సంతకాలు చేశారు.

మిగిలింది ఒక్క ఆదివారమే, ఆగస్టు పన్నెండు. ఆ తరవాత పన్నెండో రోజున ఓడ వచ్చి సర్కారును తీసుకుపోతుంది. ఎఫీ ఆ వారమంతా ఎవరితోనూ మాట్లాడలేదు. రీవాతో కూడా తక్కువే మాట్లాడింది. శనివారం సాయంత్రం దుంపలు చెక్కు తీసింది, నీళ్లు తోడింది, పుంజును బుట్ట కింద మూసింది, ఆవును గుంజకు కట్టింది.

ఆదివారం ఉదయం నల్ల గౌను తొడుక్కుని, బైబిలు పుచ్చుకుని బయల్దేరేసరికి రీవా మెడతాడు ముడి సగం జారి ఉంది. ఆవు అరుస్తోంది, తల విదిలిస్తోంది. ఇంకో నాలుగు విదిలింపులకు ఆ సగమూ జారుతుంది. ఎఫీ ఆగింది. ముడి బిగించాలంటే వంగాలి, తాడు లాగాలి, మెలి వెయ్యాలి. అది పని. పోయిన నెల పెద్ద గాలిలో కొట్టుకుపోబోతున్న తన పడవను ఆదివారం ఒక్క ముడి వేసి ఆపుకున్నందుకు టోర్కిల్ ఒక ముసలివాణ్ణి నిండు చర్చిలో పేరు పెట్టి మందలించాడు. ఆ మందలింపు వినీ ఎఫీ ముడి బిగిస్తుందా? దైవభక్తి గల మనిషి. తాడును తాకకుండా చర్చికి నడిచింది. శనివారం సాయంత్రం ఆ ముడి అంత వదులుగా ఎందుకు పడిందని అడగడం నాకు మర్యాద కాదు, మీకూ కాదు.

పాస్టరుగారు నాలుగో అంశంలో ఉండగా రీవా చర్చి ముందు నుంచి పక్క పొలంలోకి వెళ్లింది. పరుగెత్తలేదు. పని ఉన్న మనిషిలా నడిచింది. చర్చి వెనక రాతి దొడ్డిలోంచి ఒక గర్జన, ఇనప తీగ తెగిన చప్పుడు, గేటు రాతి గోడకు కొట్టుకున్న చప్పుడు వినపడ్డాయి. ఆ తరవాత నల్లటి టన్ను ఒకటి మొదటి కిటికీ దాటింది, రెండో కిటికీ దాటింది, మూడో కిటికీ ఎదురుగా ఆగింది.

టోర్కిల్ టోపీ అందుకుని లేచాడు.

"ఎక్కడికి టోర్కిల్?" అన్నారు పాస్టరుగారు ప్రసంగం ఆపి.

"ఆవును తోలడానికండీ."

"ఆవును తోలడం పని కాదా?"

"పనే… పోనీ ఆంబోతును దొడ్లోకి…"

"అది పని కాదా?"

"పనేనండి."

"గేటుకు తీగ చుట్టడం?"

ఆదివారం కూడని పనుల జాబితా ఏప్రిల్‌లో టోర్కిలే తయారుచేసి పాస్టరుగారికిచ్చాడు. "కూర్చో" అన్నారు పాస్టరుగారు. కూర్చున్నాడు. ఊరి మగవాళ్లలో పశువును తోలడం తెలియనివాడు లేడు. ఆ రోజు తోలగలిగినవాడూ లేడు.

"అందరం కళ్లు మూసుకుని ప్రార్థన చేద్దాం" అన్నారు పాస్టరుగారు. టాల్‌మోర్ చరిత్రలో అంత పొడుగు ప్రార్థన జరగలేదు. రాజకుటుంబం కోసం, జాలర్ల కోసం, దూర దేశాల్లోని అనాథల కోసం, చివరికి పక్క ఊరివాళ్ల కోసం కూడా ప్రార్థించారు. అందరి కళ్లూ గట్టిగా మూసే ఉన్నాయి. బయట అంతా సద్దుమణిగి, రీవా గడ్డి మెయ్యడం మొదలుపెట్టిన క్షణానే పాస్టరుగారు "ఆమెన్" అన్నారు. కళ్లు మూసుకున్న మనిషికి అంత కచ్చితంగా ఎలా తెలిసిందంటే, అందుకే ఆయన పాస్టరయ్యారు, మనం కాలేదు.

సంఘం మినిట్సు పుస్తకంలో ఆ తేదీ కింద ఇలా ఉంది: "ఏమియు జరగలేదు. సభ్యులందరును కండ్లు మూసుకొని యుండిరి."

ఓడ వచ్చింది, సర్కారు వెళ్లిపోయింది. సెప్టెంబరులో రీవా ఎదకు రాలేదు, అక్టోబరులోనూ రాలేదు. నవంబరు సమావేశంలో రిజిస్టరు తెరిచి చూశారు. రీవా పేరు ఎదురుగా "దాటించలేదు" అని ఉంది. దాటించని ఆవుకు చూలు ఉండదు కాబట్టి రీవా వరసగా రెండో ఏడు గొడ్డు ఆవు అయింది. పద్నాలుగో నిబంధన ప్రకారం మే నెల ఇరవై ఎనిమిదో తేదీ నుంచి ఎఫీ మేత వాటా రద్దు.

"దాని కడుపు చూడవయ్యా టోర్కిల్!" అంది ఎఫీ.

"చూశాను వదినా. గాలి చేరింది. వాము పట్టించు."

చలికాలం గడిచేకొద్దీ గాలి పెరిగింది. ఫిబ్రవరికి ఆవు రెండు పక్కలా పీపాలా ఉబ్బింది. మార్చిలో గాలి లోపలి నుంచి తన్నడం మొదలుపెట్టింది. సంఘం మరోసారి పరిశీలించి "తీవ్రమైన వాయువు" అని నమోదు చేసింది. మే ఇరవై రెండు బుధవారం మధ్యాహ్నం ఆ వాయువు ముందు కాళ్లు బయటపెట్టి, పూర్తిగా జారి, నల్లగా, తడిగా నాలుగు కాళ్ల మీద లేచి నిలబడి, తల్లి పొదుగు వెతుక్కుని పాలు తాగింది. అచ్చం సర్కారు పోలిక. ఎఫీ దాని ముట్టె తుడిచి ఏడ్చింది. ఇన్నాళ్లూ ఏడవలేదు.

గడువుకు ముందురోజు, సోమవారం, బడిలో ఊరందరి సమావేశం. రాబోయే ఆంబోతు కాగితాల మీద సంతకాల కోసం ప్రింగిల్ కూడా వచ్చి మూల కూర్చున్నాడు. ముందు బల్ల మీద టోర్కిల్ తల్లి, తొంభై ఒక్కేళ్ల షోనాగ్ మేజోడు అల్లుతూ కూర్చుంది. చెవులు బాగానే వినపడతాయి, వినపడనట్టుంటుంది.

దూడ పుట్టిన సంగతి కాదనలేమని టోర్కిల్ హుందాగా ఒప్పుకున్నాడు. ఆపైన గోడ మీది క్యాలెండరు దగ్గరకెళ్లి బెత్తం ఎత్తాడు.

"కాని ఈ దూడ ఎప్పటిది? అదీ ప్రశ్న. ఆవు మోసేది రెండు వందల ఎనభై మూడు రోజులు. వెనక్కి లెక్కపెడితే ఎక్కడికొచ్చాం? ఆగస్టు పన్నెండు! ఆదివారం! ఎవరి కళ్లయినా మూసుకోవచ్చు, లెక్క కళ్లు మూసుకోదు. దేవుడి లెక్క ఒక్కరోజు కూడా తప్పదు. ఆదివారం కడుపున పడింది ఏదైనా సరే, నిబంధనల దృష్టిలో పుట్టనట్టే. దూడను జాబితాలో రాయడానికి వీల్లేదు. రాయని దూడ లేని దూడ. కాబట్టి ఆవు గొడ్డు ఆవే, వాటా రద్దే. ఇది నా స్వార్థం అనుకునేరు! ఆదివారం విలువ నాకు తెలిసినట్టు ఈ ఊళ్లో ఎవరికీ తెలియదు. ఎందుకంటారా? నేను పుట్టిందే ఆదివారం! మా ఇంటి బైబిలు మొదటి పేజీలో రాసుంది. ప్రభువు తన రోజున నన్ను ఈ ఊరికి పంపించాడు."

జనం తలలూపారు. ఎఫీ మెల్లగా లేచింది. ఇరవై నాలుగు గంటల్లో ఆవు పోతుంది.

"ఇన్‌స్పెక్టరు బాబూ, మీ పుస్తకంలో అన్నిటి రోజులూ ఉంటాయా?"

"అన్నీ ఉంటాయమ్మా" అని ప్రింగిల్ ఉత్సాహంగా పట్టిక తెరిచాడు. అతన్ని ఆ పుస్తకం గురించి ఎవరూ ఎప్పుడూ అడగలేదు. "గుర్రం మూడు వందల నలభై. ఆవు రెండు వందల ఎనభై మూడు, మీ అధ్యక్షులు సరిగ్గానే చెప్పారు. గొర్రె నూట నలభై ఏడు. పంది నూట పద్నాలుగు. కుక్క అరవై మూడు…"

"మనిషికో?"

"ఆ, అదీ ఉంది, ఆఖర్న. రెండు వందల అరవై ఆరు."

"ఫిన్లే, నీకు భాగహారం వచ్చుగా. ఆ రెండు వందల అరవై ఆరును వారాల్లో చెయ్యి నాయనా."

ఫిన్లే నల్లబల్ల మీద సుద్దముక్కతో చేశాడు. నిజాయితీగల గుమాస్తా, ఏం చేస్తున్నాడో చివరి అంకె దాకా గ్రహించలేదు. "ముప్పై ఎనిమిది వారాలు పెద్దమ్మా. శేషం సున్నా." సుద్దముక్క చేతిలోనే ఉండిపోయింది. "అంటే… ఏ వారంనాడు పుడితే… ఆ వారంనాడే కడుపున…"

ముందు బల్ల మీద అల్లికసూదులు ఆగాయి.

"ఆ వేళ బాగా వానరా టోర్కిల్" అంది షోనాగ్ మేజోడు మీంచి తలెత్తకుండా. "చర్చికెళ్లే దారంతా మునిగిపోయింది. పొయ్యి దగ్గర కూర్చున్నాం. చెయ్యడానికి పనేమీ లేదు, చెయ్యకూడదు కూడానాయె. మీ నాన్న మంచి భక్తిపరుడు."

టోర్కిల్ బెత్తం కింద పెట్టాడు. సంఘం సభ్యుల్లో ఒకడు ఎర్రబడి, తాను గురువారం పుట్టానని ఎవరూ అడక్కుండానే చెప్పాడు. ఇంకొకడు తన ఇంటి బైబిల్లో మొదటి పేజీని ఎలకలు కొట్టేశాయన్నాడు. ఆంబోతును మూడు రోజులు పరిశీలించిన సభ్యుడు కిటికీలోంచి బయటకు చూస్తూ ఉండిపోయాడు.

"ఆదివారం కడుపున పడింది పుట్టనట్టేనని అధ్యక్షులవారన్నారు. అది మినిట్సులో రాయాలా అండీ?" అని అడిగాడు ఫిన్లే.

"అక్కర్లేదు" అన్నాడు టోర్కిల్. గొంతు సవరించుకుని, లేచి, మళ్లీ అధ్యక్షుడయ్యాడు. "సోదరులారా, ఈ రోజుల లెక్కలున్నాయే, ఇవి ఇంకా పూర్తిగా తేలని శాస్త్రం. వాన, గాలి, మేత, వీటిని బట్టి ఒక రోజు అటూ ఇటూ కావచ్చు. దేవుడు లెక్కల మాస్టారు కాడు. ఆ దూడ సోమవారంది. అది చూడగానే తెలుస్తోంది. దాని ముఖంలోనే సోమవారం ఉంది."

చప్పట్లు కొట్టారు. ఇంత గట్టిగా ఆ బడిలో ఎన్నడూ కొట్టలేదు. దూడను జాబితాలో రాశారు, రీవా గొడ్డుతనం రద్దయింది, ఎఫీ వాటా ఎఫీకే ఉంది. ప్రింగిల్ పుస్తకంలో ఆఖరి వరస మీద సిరా ఒలికింది, ఎవరి చెయ్యి తగిలిందో తెలియలేదు. ఆ వారంలో పోస్టాఫీసులో పాత క్యాలెండర్లన్నీ అమ్ముడుపోయాయి. కొన్నవాళ్లెవరూ వాటిని గోడకు తగిలించలేదు. ఆంబోతుకు ఆదివారం సెలవు మాత్రం అలాగే కొనసాగుతోంది, అది నియమం కదా, ఎక్కడికి పోతుంది?

మీ ఇంట్లో కూడా ఏ వారం ఏది కూడదో, ఏ మాసంలో ఏది నిషిద్ధమో మీ పెద్దలు చెప్పే ఉంటారు. మీరు పుట్టిన తేదీ మీకు తెలుసు. భాగహారం మీకూ వచ్చు. ఒకసారి వెనక్కి లెక్కపెట్టి చూడండి. లేదా, నా మాట విని, మీ అమ్మానాన్నల మీద గౌరవంతో ఆ పని మానుకోండి.